కతలాన్, పోర్చుగీసు భాషలలో 'అనర్కియా' శబ్దము – ఒక పరిశీలనము

శబ్దచరిత్రను పరిశోధించువారిని రూపసామ్యము ప్రలోభపెట్టినట్లు మఱి యేదియు ప్రలోభపెట్టదు. రెండు భాషలలో ఒకే పదము ఒకే వర్ణములతో కనబడినంతనే, రెంటికిని సమానచిహ్నము గీచి ముందునకు సాగిపోవుట వాడుకయైనది. నిఘంటుకర్తకు అంతతో పని తీరినను తీరవచ్చును. విమర్శకునకు మాత్రము అసలుపని అక్కడనే మొదలగును. పదములు రెండును ఒక్కటే యైనప్పుడు అవి ఒక్కటి యెట్లైనవి, ఎప్పుడైనవి, ఎవరి చేతులమీదుగా నైనవి అని అడుగవలసియున్నది. అట్లడిగిన పిదప ఆ సామ్యము ఎంతవఱకు నిలుచునో ఒక్క శబ్దము నాధారముగా గొని పరిశీలింపవలెనని మా సంకల్పము. ఆ శబ్దము 'అనర్కియా'. ఐరోపాకు నైరృతిదిక్కున నున్న కతలాన్, పోర్చుగీసు భాషలు రెంటను అరాజకమునకు ఇదియే పేరు.

ఈ రెండు భాషలలో పోర్చుగీసుతో మనకు పాతపరిచయమే కలదు. పడమటితీరమున దిగిన నావికుల వెంట వచ్చిన మేస్త్రి, పాదిరి, బొత్తాము, అలమార వంటి మాటలు పరదేశపువని తోపకుండునంతగా తెలుగులో కలిసిపోయినవి. కతలాన్ భాష మనవారికి అంతగా తెలిసినది కాదు. అది స్పెయిను దేశపు తూర్పుతీరమున బార్సిలోనా నగరమునందును, వలెన్సియాలోను, బలెయారిక్ దీవులలోను వాడుకలో నున్న భాష. పిరెనీ పర్వతముల నడుమనున్న అండోరా యను చిన్నరాజ్యమునకు అధికారభాష. పోర్చుగీసు సముద్రములకావల సయితము శాసనములు వ్రాసిన భాష. కతలాన్ భాషీయులలో అధికసంఖ్యాకులో, శతాబ్దములుగా, శాసనములను స్పానిషులో వ్రాయు ప్రభుత్వముక్రింద నున్నవారు. ఈ భేదమును పాఠకులు మఱువకుందురుగాక. మా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

మొదట రూపమును చూతము. రెండు భాషలలోను ఈ శబ్దమునకు వర్ణములు ఎనిమిది. వానిలో ఒక్కటియు భేదింపదు. కకారధ్వనిని తెలుపుటకు 'క్యూ', 'యు' అను వర్ణముల జంటను వాడుటయందును రెండును ఏకీభవించును. భౌగోళికముగా వాని నడుమనున్న స్పానిషులోను వర్ణములివియే. కాని అందు ఇకారము తలపై ఒక వాలుగీటు ఉండవలెను. స్పానిషు లిపినియమము ననుసరించి ఇకారము, అకారము పక్కపక్కన వచ్చినప్పుడు రెండును కలిసి ఒకే అక్షరమగును. అవి విడివిడిగా పలుకవలెనన్నచో ఆ గీటు చెప్పవలెను. కతలాన్, పోర్చుగీసులలో నియమము దీనికి విపరీతము. అందు ఆ రెండచ్చులును స్వతఃసిద్ధముగా విడివిడి యక్షరములే. ఊనిక ఉపాంత్యమునకు సహజముగా వచ్చును. కావున గీటుతో పని లేదు. చరిత్ర యను నర్థముగల 'ఇస్తోరియా' శబ్దమును పక్కన నిలిపినచో ఈ విషయము స్పష్టమగును. ఆ శబ్దమునకు స్పానిషులో గీటు లేదు. కతలాన్, పోర్చుగీసులలో ఒకారముపై గీటు కలదు. 'అనర్కియా'కు స్పానిషులో గీటు కలదు. తక్కిన రెంటను లేదు. ఒకచోట నున్నది మఱొకచోట లేకపోవుట యాదృచ్ఛికము కాదు. ఒకే ప్రశ్నకు రెండు లిపిసంప్రదాయములు ఎదురెదురుగా చెప్పిన సమాధానములవి.

ఇంతవఱకు చూచినవారు స్పానిషును వెలిగానుంచి కతలాన్, పోర్చుగీసులకు ప్రత్యేకమైన చుట్టఱికము కల్పింప జూతురు. అది సరికాదు. మన వ్యాకర్తలు చెప్పిన తత్సమతద్భవభేదము ఇక్కడ మిక్కిలి యుపయోగించును. ఆ భాషలు మూడును లాటినునుండి పుట్టినవే. జనులనోట అరగి, మాఱి వచ్చిన తద్భవములను చూచిన వాని దూరము తెలియును. రాత్రి యను నర్థమున పోర్చుగీసువారు 'నోయ్తె' యందురు. స్పానిషువారు 'నోచె' యందురు. కతలానువారు 'నిత్' అందురు. మూలము ఒక్కటే యైనను మూడిండ్లలో మూడు రూపములు. 'అనర్కియా' యట్లు వచ్చినది కాదు. అది పండితులు గ్రీకునుండి లాటిను ద్వారా గ్రంథములలోనికి దింపుకొన్న తత్సమము. తత్సమములు భాషలన్నింటను ఒకే ముఖముతో కనబడుట వాని స్వభావము. ఆ ముఖమును చూచి భాషల చుట్టఱికమును నిర్ణయించుట, తెలుగునను బెంగాలీయందును సంస్కృతపదములు సమానముగా నున్నవని ఆ రెండును ఒకే కుటుంబమునకు చెందినవనుట వంటిది.

అదియునుగాక ఈ సమానరూపము సయితము ప్రాచీనమైనది కాదు. 1911కు పూర్వము పోర్చుగీసువారు ఈ శబ్దమును గ్రీకువ్యుత్పత్తిని స్మరింపజేయు 'సి', 'హెచ్' అను వర్ణములతో వ్రాయుచుండిరి. 1910 అక్టోబరు 5వ తేదీన లిస్బనులో రాజరికము పడిపోయి గణతంత్రము ప్రకటింపబడెను. మఱుసటి సంవత్సరమున కొత్తప్రభుత్వము గొన్సాల్విష్ వియానా మొదలగు భాషావేత్తల సంఘముచే వర్ణక్రమమును సంస్కరింపజేసెను. వ్యుత్పత్తికొఱకు మాత్రమే నిలిచియుండిన వర్ణములను ఆ సంస్కారము తొలగించెను. ఆనాడే ఈ పదము నేటి రూపమును పొందినది. సముద్రమున కావలనున్న బ్రెజిలును ఎవ్వరును సంప్రతింపలేదు. అచ్చట పాతరూపము మఱికొన్ని దశాబ్దములు సాగెను. 1921 జనవరిలో బ్రెజిలు ప్రభుత్వము అనర్కిస్టుల నణచుటకు చేసిన చట్టమునందు ఆ వాదముపేరు పాతవర్ణక్రమముననే యున్నది.

పాతరూపమునుగూర్చి మఱియొక విశేషము గమనింపదగినది. 'సి', 'హెచ్' వర్ణములతో వ్రాసిన ఆ పోర్చుగీసుపదము, ఇటాలియనుపదముతో వర్ణవర్ణమును సరిపోవును. ఇటాలియనులో నేటికిని ఆ వర్ణక్రమమే నిలిచియున్నది. బ్రెజిలునందలి సాఁవు పావులు నగరమునకు వలసవచ్చిన ఇటలీ కార్మికులకు తమ భాషలోని పదమునకును, కొత్తదేశపు భాషలోని పదమునకును కంటికి భేదమే కనబడలేదన్నమాట. అనగా ఒక పోర్చుగీసుశబ్దము తన ధ్వనిని ఏమాత్రమును మార్చుకొనక, తొలుత ఇటాలియనుకు సరిజోడై, తరువాత కతలానుకు సరిజోడైనది. రూపసామ్యము ఒక తేదీవలన కలుగవచ్చును, ఒక తేదీవలన తొలగవచ్చును అనుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

కతలాన్ భాషలో వర్ణక్రమము స్థిరపడిన విధము వేఱు. 1907లో బార్సిలోనాయందు వెలసిన కతలాన్ అధ్యయనసంస్థ 1913 జనవరి 24వ తేదీన వర్ణక్రమనియమములను ఆమోదించెను. వానికి ప్రధానసూత్రధారి పొంపెవు ఫాబ్రా. ఆయన రచించిన నిఘంటువు 1932లో వెలువడెను. ఈ నియమముల వెనుక శాసనబలము గల స్వతంత్రరాజ్యము లేదు. విరోధించిన పండితులును ఉండిరి. రచయితలు, ముద్రాపకులు, ఉపాధ్యాయులు క్రమక్రమముగా అంగీకరించుటవలననే అవి నిలిచినవి. పోర్చుగీసుపదమునకు రూపమిచ్చినది ప్రభుత్వపుటాజ్ఞ. కతలానుపదమునకు రూపమిచ్చినది రాజ్యములేని జాతి తనకుతాను విధించుకొన్న నియమము. ఫలితము ఎనిమిది వర్ణములే, దారులు రెండు.

ఇక అర్థమునకు వత్తము. గ్రీకులో 'అర్ఖే' యనగా ఆరంభము, అధికారము. దానికి నిషేధోపసర్గ చేరి 'అనర్ఖియా' యైనది. ఏథెన్సునగరమున ప్రతి సంవత్సరమును ఆ యేటి ప్రధానాధికారియైన 'అర్ఖోన్' పేరుతో పిలుచు ఆచారముండెను. క్రీ. పూ. 404–403 సంవత్సరమునకు మాత్రము వారు అధికారి పేరు పెట్టక 'అనర్ఖియా' యని వ్యవహరించినట్లు చరిత్రకారుడు క్సెనఫోను వ్రాసియున్నాడు. ఆ యేట అధికారి లేకపోలేదు. పీథోడోరుస్ అనువాడు ఉండెను. నగరమును ముప్పదిమంది నిరంకుశులు పాలించుచుండిరి. కాని అతడు నిరంకుశుల కాలమున నియమింపబడినవాడగుటచే పౌరులు అతని పేరును తమ యేటికి పెట్టుటకు నిరాకరించిరి. కావున ఆ పట్టికలో ఈ శబ్దమునకు పాలకుడు లేడని కాదు అర్థము. ఉన్నవానిని పాలకుడని మేమంగీకరింపము అని అర్థము. ఈ శబ్దము ఏ యర్థము నిచ్చునో పట్టిక వ్రాయువాని చేతిలో నున్నదనుట ఆనాడే తేలినది.

రెండువేల మూడువందల యేండ్ల పిదప ఆ పట్టిక ప్రభుత్వముల చేతికి వచ్చెను. ఫ్రాన్సులో ప్రూధోన్ 1840లో ఈ శబ్దమును తనకు బిరుదుగా స్వీకరించినది మొదలు, నిందావాచకమే ఒక సిద్ధాంతమునకు పేరుగా మాఱినది. బార్సిలోనాలో పుట్టిన పి ఇ మార్గాల్ ప్రూధోన్ గ్రంథములను స్పానిషులోనికి అనువదించెను. ఆయనయే 1873లో స్పెయిను మొదటి గణతంత్రమునకు కొన్నివారములు అధ్యక్షుడుగా నుండెను. అచ్చటనుండి 1896కు వచ్చినచో మన రెండు భాషల సీమలును ఒకే యేట ఒకే తీరున కనబడును. ఆ యేడు ఫిబ్రవరి 13న పోర్చుగలు ప్రభుత్వము, అనర్కిస్టు సిద్ధాంతమును వాక్కుచేగాని వ్రాతచేగాని సమర్థించినవారిని శిక్షించి సముద్రములకావలి వలసరాజ్యములకు పంపుటకు చట్టము చేసెను. అట్టి నేరములనుగూర్చి పత్రికలు వార్తలు వ్రాయుటను సయితము అది నిషేధించెను. సెప్టెంబరు 2న స్పెయిను ప్రభుత్వము, అనర్కిస్టుల పత్రికలను, సంఘములను మూసివేయుట కధికారమిచ్చు చట్టమును చేసెను.

ఈ రెండవచట్టమునకు కారణము, అదే సంవత్సరము జూను 7న బార్సిలోనాలో ఒక మతోత్సవపు ఊరేగింపుపై పడిన బాంబు. వందలకొలది జనులు నిర్బంధింపబడి మొంజుయిక్ కోటలో నుంచబడిరి. అచ్చట జరిగిన చిత్రహింసలు ఐరోపా యంతటను నిరసనను రేపెను. సైనికన్యాయస్థానపు విచారణానంతరము 1897 మే 4న ఐదుగురు కాల్చిచంపబడిరి. నిర్బంధితులలో పేరె కొరొమినెస్ అను యువ రచయిత యొకడు. అతనికి మరణదండన విధింపవలెనని అభియోక్త కోరెను. తుదకు కారాగారశిక్ష పడెను. ఒక మనుష్యునికి ఈ శబ్దము వర్తించునా లేదా యనుట అతని ప్రాణమునకు సంబంధించిన విషయమైన కాలమది. ఆ పేరె కొరొమినెస్ కుమారుడే జువాన్ కొరొమినెస్. స్పానిషు భాషకును కతలాన్ భాషకును మహావ్యుత్పత్తినిఘంటువులు రచించిన ఆ పండితుడు 1980 మొదలు 1991 వఱకు కతలాన్ నిఘంటువును తొమ్మిది సంపుటములుగా వెలువరించెను. తండ్రిమీద నేరారోపణగా వచ్చిన శబ్దజాతమునకు కుమారుడు పుట్టుపూర్వోత్తరములు శోధింపవలసినవాడయ్యెను. శబ్దార్థనిర్ణయము పండితుల కాలక్షేపమని తలంచువారు ఈ తండ్రికొడుకులను జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఇక ఈ శబ్దమును బిరుదుగా ధరించినవారు దానిని ఏ భాషలో వ్రాసిరో చూడవలెను. రెండు చరిత్రలకును గల ముఖ్యభేద మిక్కడనే యున్నది. పోర్చుగలులో శిక్షాశాసనము వ్రాసిన భాషయు, శిక్షకు గురియైన కార్మికుల పత్రికాభాషయు ఒక్కటే. 1919లో లిస్బనున ఆరంభమైన 'అ బతాల్య' యను కార్మికదినపత్రిక పోర్చుగీసులోనే నడచెను. బార్సిలోనాలో అట్లు కాదు. కార్మికుల జాతీయసమాఖ్య 1910లో ఆ నగరముననే స్థాపింపబడినను, దానికి గొంతుకయైన 'సొలిదారిదాద్ ఒబ్రేరా' పత్రిక స్పానిషుపత్రిక. కారణములు ఊహింపదగినవే. ఆ యుద్యమము స్పెయిను దేశమంతటిది. బార్సిలోనా మిల్లులకు దక్షిణసీమలనుండి వలసవచ్చినవారికి కతలాన్ రాదు. బడులలో నేర్పినది స్పానిషే. అంతేగాక కతలాన్ సాహిత్యపునరుజ్జీవనము ధనికవర్గముల పోషణలో నుండుటచే, ఆ భాషాభిమానమును సంశయించిన కార్మికనాయకులును కలరు.

ఐనను కతలానులోనే వ్రాసినవారు లేకపోలేదు. జుజెప్ ల్యునాస్ 1881 మొదలు 'లా త్రమొంతాన' యను కతలాన్ వారపత్రికను పదునైదేండ్లు నడపెను. కవియు నాటకకర్తయు నైన ఫెలిప్ కుర్తియెల్యా 1908లో తన పద్యసంపుటమునకు ఈ శబ్దమునుండియే 'అనర్కీనెస్' అను పేరును కల్పించుకొనెను. కాని వీరు అల్పసంఖ్యాకులు. మొత్తముమీద కతలానుపదమునకు పట్టిన యవస్థ యిది: ఏ నగరమున ఆ శబ్దము మిక్కిలి మాఱుమ్రోగినదో, ఆ నగరముననే అది ఎక్కువగా ఇకారముపై గీటుతో, అనగా పొరుగుభాషాపదముగా, అచ్చుపడెను. నిఘంటువులో సమానములైన రెండు పదములలో ఒకటి తన యింట తానున్నది. రెండవది తన యింటనే పరాయియై యున్నది.

కావ్యములయందు ఈ భేదము మఱింత సూక్ష్మముగా కనబడును. 1893 నవంబరు 7 రాత్రి బార్సిలోనాలోని లిసెవు నాటకశాలలో ఒక అనర్కిస్టు విసరిన బాంబువలన ఇరువదిమంది చనిపోయిరి. కతలాన్ మహాకవి జువాన్ మరగాల్ ఆ రాత్రి అచ్చటనుండి ఇంటికి వచ్చిన సందర్భమున 'పతెర్నాల్' అను చిన్నకావ్యమును వ్రాసెను. అందు తల్లిపాలు త్రాగు బిడ్డను తండ్రి చింతతో చూచుచుండును. కడుపునిండిన బిడ్డ ఇద్దఱివంకను చూచి నవ్వును. ఆ నవ్వునకు కవి వాడిన విశేషణము 'అనాగరికముగా' అను నర్థమిచ్చునది. ఆశ్చర్యమేమనగా, ఆనాటి పత్రికలన్నియు జపించిన మన శబ్దము ఈ కావ్యమున ఒక్కమారైనను రాదు. కవి ద్వేషమని చెప్పెను, భయమని చెప్పెను. సిద్ధాంతము పేరు చెప్పలేదు. దానిని పలికినచో బాంబు వేసినవాడు వేఱుజాతివాడై, చదువరి నిశ్చింతుడగును. పలుకకపోవుటవలన, ఆ క్రౌర్యబీజము తన యింటిబిడ్డ నవ్వులోను కలదేమో యను శంక నిలిచినది. శబ్దపరిత్యాగమే ఇక్కడ శబ్దముపై కవి చేసిన విమర్శ.

పోర్చుగీసు కవి ఫెర్నాందు పెసోవా చేసినది దీనికి సరిగా ఎదురు. 1922లో 'కొంతెంపొరానియ' పత్రిక మొదటిసంచికలో వెలువడిన ఆయన కథకు 'అనర్కిస్టు బ్యాంకరు' అని పేరు. భోజనానంతరము ఒక ధనికుడు తాను నిజమైన అనర్కిస్టుననియు, తక్కినవారు మాటలకు మాత్రమే అట్టివారనియు వాదించును. సంఘములు కట్టినచో అందును కొత్త నిరంకుశత్వము పుట్టును. కావున ఎవనికి వాడే విముక్తుడు కావలెను. ధనపు దాస్యమునుండి బయటపడుటకు ధనమును కావలసినంత సంపాదించుటయే మార్గము అని అతని తర్కము. ప్రతి మెట్టును సక్రమముగా తోచును. చేరినచోటు మాత్రము అసంబద్ధము. మరగాల్ శబ్దమును పలుకక దాని బరువును చూపగా, పెసోవా దానిని పుటపుటను పలికించి అది ఎంత తేలికగా మోసపోగలదో చూపెను. 1911 సంస్కారమును పెసోవా తనకుతాను అంగీకరింపలేదు, పాతవర్ణక్రమముననే వ్రాయుచుండెను. ప్రభుత్వపుటాజ్ఞవలన శబ్దము మాఱదని నమ్మినవాడు, తర్కముచే శబ్దమును తలక్రిందు చేయవచ్చునని చూపుట గమనింపదగినది.

ఈ శబ్దకుటుంబమున రెండు విశేషణములు కలవు. క్రమములేని దానిని కతలానువారు 'అనార్కిక్' అనియు, పోర్చుగీసువారు 'అనార్కికు' అనియు అందురు. సిద్ధాంతమును నమ్మినవానిని రెండు భాషలవారును 'అనర్కిస్తా' యందురు. నిందకొక రూపమును, నమ్మకమున కొక రూపమును వేఱుచేసికొనుటకు భాష చేసిన ప్రయత్నమిది. కాని మూలశబ్దమైన 'అనర్కియా' మాత్రము రెంటికిని ఉమ్మడిగానే మిగిలినది. చదువరి ప్రతిసారియు సందర్భమునుబట్టి తేల్చుకొనవలసినదే.

తెలుగులో దీనికి 'అరాజకము' అని వాడుచున్నాము. ఇదియు తత్సమమే, 'రాజు లేనిది' యని బహువ్రీహి. గ్రీకుపదము నిషేధించునది అధికారమును. మన పదము నిషేధించునది రాజును. అయోధ్యాకాండమున దశరథుని మరణానంతరము మార్కండేయాదులు వసిష్ఠునితో రాజులేని దేశమునకు కలుగు కీడులను వర్ణించుట ప్రసిద్ధము. ఈ శబ్దమునకు మనకు తోచు అర్థమంతయు ఆ వర్ణనము నీడయే. కాని శాంతిపర్వమున భీష్ముడు, కృతయుగమున రాజ్యముగాని రాజుగాని దండముగాని లేవనియు, ప్రజలు ధర్మముచేతనే ఒకరినొకరు రక్షించుకొనిరనియు చెప్పెను. అనగా రాజులేమిని కీడుగాను, మేలుగాను భావించుట రెండును మన గ్రంథములలో కలవు. పేరు మాత్రము కీడునకే దక్కినది. కావున 'అనర్కియా'ను అనువదించువారు, మూలమున నిందయున్నచోట 'అరాజకము'ను నిస్సంశయముగా వాడవచ్చును. ఆదర్శమున్నచోట 'ప్రభుత్వరాహిత్యము' వంటి మాటను గ్రహించుట మేలని మా యభిప్రాయము. లేనిచో శిక్షాశాసనము వ్రాసినవాని యర్థమునే, శిక్షపడినవాని నోటను పెట్టినవారమగుదుము.

ఇంతవఱకు చెప్పినదానిని సంగ్రహింతము. కతలాన్, పోర్చుగీసులలో ఈ శబ్దమునకు గల రూపసామ్యము 20వ శతాబ్దారంభమున రెండు వేఱువేఱు సంస్కారములు కుదిర్చినది. అది బంధుత్వమునకు ప్రమాణము కాదు. దాని యర్థము నిఘంటువున నున్నంత స్థిరమైనది కాదు. ఎవరు, ఏ భాషలో, ఎవరికి ఎదురుగా వ్రాసిరో దానినిబట్టి యది మాఱినది. మన దేశభాషలలో తత్సమములు కోకొల్లలు. తెలుగున ప్రసంగమును తెలుపు 'ఉపన్యాసము' హిందీయందు నవలయైనది. తెలుగున వికారపుచేతయైన 'చేష్ట' హిందీయందు ప్రయత్నమైనది. ఇట్టి పదములకు పట్టికలు పెక్కు కలవు. ఏ కాలమున, ఎవరి వ్రాతవలన అవి వేఱుదారులు పట్టెనో తెలుపు చరిత్రలు అరుదు. పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క శబ్దమును గైకొని ఈ కృషికి పూనుకొందురుగాక.